హార్డ్‌వేర్ ప్రాజెక్టుకి డాక్యుమెంటేషన్ ఏ ఫార్మాట్‌లో పెట్టాలి?

తేమమీటర్:
మట్టిలో తేమ కొలిచే బోర్డు ఒకటి చేశాను. సర్క్యూట్ కైక్యాడ్‌లో (సర్క్యూట్లు గీసే సాఫ్ట్‌వేర్), దాని పెట్టె ఫ్రీక్యాడ్‌లో (త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్) ఉన్నాయి. బిగించే పద్ధతి వర్డ్ ఫైల్లో, పార్టుల జాబితా ఎక్సెల్‌లో రాసుకున్నా. అన్నీ ఓపెన్‌గా పెట్టేద్దామంటే ఒకరు ఓపెన్ నో-హౌ అంటారు, ఇంకొకరు డిన్ స్పెక్ 3105 అంటారు, మరొకరు ఓష్వా సర్టిఫికేషన్ అంటారు. ఏది ఎంచుకోవాలి?

పాతరెసిస్టర్:
ఆ మూడూ ఒకదానికొకటి పోటీ కాదండీ. ఓపెన్ నో-హౌ అంటే రిపోలో (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోట) పెట్టే చిన్న యామల్ ఫైలు, అంటే ఒక పద్ధతిలో రాసిన టెక్స్ట్ ఫైలు. పేరు, లైసెన్సు, వెర్షన్, ఏ ఫైలు ఎక్కడుందో మెషీన్ చదువుకునేలా అందులో రాస్తాం. 2020లో వచ్చిన డిన్ స్పెక్ 3105 అసలు ఫార్మాటే కాదు, డాక్యుమెంటేషన్‌లో ఏమేం ఉండాలో చెప్పే ప్రమాణం. ఓష్వా (ఓపెన్ హార్డ్‌వేర్ సంఘం) వాళ్లిచ్చేది గుర్తింపు నంబరు. ఇవన్నీ చివర్లో చూసుకోవచ్చు.

నా గోలంతా ఆ ఎక్సెల్ గురించే. రేపు స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మలో) 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ తీసి 4.7 పెడతారు. ఎక్సెల్‌లో 10 అలాగే ఉండిపోతుంది. బోర్డు చేసుకునేవాడు జాబితా చూసే కొంటాడు కదా! పార్ట్ నంబర్లు స్కీమాటిక్‌లోనే, ప్రతి సింబల్‌కి ఫీల్డుగా పెట్టండి. కైక్యాడ్ 8 నుంచి జాబితాని కమాండ్ లైన్లోనే (టైప్ చేసిన ఆదేశంతోనే) తీయొచ్చు, కాబట్టి రిలీజ్ చేసిన ప్రతిసారీ అదే తయారవుతుంది. మరలు, పెట్టె సంగతికి గిట్‌బిల్డింగ్ అనే టూలు చూడండి. మార్క్‌డౌన్‌లో (చిన్న గుర్తులతో రాసే సాదా టెక్స్ట్‌లో) ఒక్కో అంచెలో ఏ పార్టు ఎన్ని కావాలో రాస్తే మొత్తం జాబితా అదే కూడుతుంది. ఓపెన్‌ఫ్లెక్షర్ మైక్రోస్కోప్ సూచనలు దానితోనే రాశారు. వర్డ్ ఫైలుకి సెలవిచ్చేయండి, అందులో ఏం మారిందో గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే టూలు) చూపించలేదు.

త్రీడీపిచ్చి:
పెట్టెకి ఎస్‌టీఎల్ (త్రీడీ ప్రింటింగ్‌కి వాడే ఫైలు) ఒక్కటే పెట్టి వదిలేయకండి ప్లీజ్. అందులో కొలతల యూనిట్లే ఉండవు, మిల్లీమీటర్లో అంగుళాలో తెరిచినవాడు ఊహించుకోవాలి. ఫ్రీక్యాడ్ మూలం, దాంతోపాటు వేరే క్యాడ్ సాఫ్ట్‌వేర్లూ తెరవగల స్టెప్ ఫైలు కూడా పెట్టండి. గెర్బర్ల (బోర్డు తయారీకి పంపే ఫైళ్ల) విషయమూ అంతే, అవొక్కటే చాలవు, ఓపెన్ హార్డ్‌వేర్ నిర్వచనం ప్రకారం మార్చుకోవడానికి వీలైన అసలు ఫైళ్లు ఇచ్చి తీరాలి.

తేమమీటర్:
ఫ్రీక్యాడ్ ఫైల్లోనూ గిట్ మార్పులు చూపించట్లేదే? లైసెన్సు ఒక్కటి సరిపోతుందా?

పాతరెసిస్టర్:
ఫ్రీక్యాడ్ ఫైలు లోపల జిప్పే, అందుకే. దానికి తేలికైన మందు లేదు, ఏం మార్చారో కమిట్ మెసేజ్‌లో (మార్పు దాచేటప్పుడు గిట్‌లో రాసే నోటులో) రెండు ముక్కలు రాయండి.

లైసెన్సు మాత్రం ఒక్కటి చాలదు. బోర్డుకి సెర్న్ ఓహెచ్ఎల్ (ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సు) రెండో వెర్షన్‌లో డబ్ల్యూ రకం నా ఓటు. మీ డిజైన్ మార్చి పంచినవాళ్లు ఆ మార్పుల్ని తెరిచి పెట్టాలి, దాన్ని వాడే పెద్ద యంత్రం మొత్తాన్ని తెరవక్కర్లేదు. ఫర్మ్‌వేర్‌కి (బోర్డులో నడిచే ప్రోగ్రాముకి), సూచనలకి వేరే లైసెన్సులు. యామల్‌లో వాటిని ఎస్‌పీడీఎక్స్ గుర్తులతో (లైసెన్సులకి ఉన్న ప్రామాణిక పొట్టిపేర్లతో) రాయండి, 'ఓపెన్ సోర్స్' అని ఊరికే రాస్తే ఏ టూలుకీ అర్థం కాదు.