కార్డు చూడగానే ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోతుందా?

పాలకంకి (చర్చ మొదలుపెట్టినవారు)
మా బాబుకి గుండెలో రంధ్రం. ప్రైవేటు ఆసుపత్రిలో మొదటిసారి ఓపీ ఫీజు కట్టి వెళ్తే డాక్టరు గారు కాగితం మీద గుండె బొమ్మ గీసి మరీ చెప్పారు. "మీకేమైనా అనుమానాలుంటే అడగండి" అన్నారు. తర్వాత అక్కడి ఆరోగ్యమిత్ర (పథకం సహాయకురాలు) దగ్గర కార్డు చూపించి ఆరోగ్యశ్రీలో రాయించుకున్నాం. రెండోసారి అదే గది, అదే మనిషి. "ఏమ్మా, నీకెన్నిసార్లు చెప్పాలి?" అన్నారు. నేనడిగింది ఒక్కటే, ఆపరేషన్ రోజు పాలు ఎప్పటిదాకా పట్టొచ్చని. డబ్బుకీ మర్యాదకీ సంబంధం లేదనేవాళ్లు చెప్పండి.

నైట్‌డ్యూటీ
నేను ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగంలో పీజీని. మీ మాట ఒప్పుకోను. మూడు గంటల ఓపీలో నా బల్ల దగ్గరికే ఎనభై మంది వస్తారు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఎమ్మెల్యే మనవడొచ్చినా అంతే. (సరే, ఎమ్మెల్యే మనవడు లైన్లో నిలబడడు, అది వేరే సంగతి.) నేనూ అరిచిన రోజులున్నాయి. పేదవాళ్లని కాదు, రాత్రంతా నిద్ర లేక.

గోదారిగట్టు
నిద్ర లేనప్పుడు మీ ప్రొఫెసర్ మీద ఎప్పుడైనా అరిచారా?

బిల్లింగ్‌కౌంటర్
ఆసుపత్రుల వైపు కూడా చూడండి. ఆరోగ్యశ్రీలో ఒక్కో చికిత్సకి ప్రభుత్వం కట్టే ప్యాకేజీ రేటు తక్కువ, ఆ బిల్లులూ నెలల తరబడి రావు. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపేశాయి. ఆ చిరాకు కింది దాకా దిగుతుంది.

గోదారిగట్టు
బాకీ పడింది ప్రభుత్వం, మాట పడేది తల్లి. బాగుంది.

మానుకోట
మా దిక్కు ‘నువ్వు’ అంటే తక్కువ చేసినట్టు కాదు. మా నాయనను కూడా నువ్వనే అంటాను. ఏకవచనమా బహువచనమా అని పట్టుకుంటే ఎట్లా? చెప్పాల్సింది చెప్పారా లేదా అన్నదే చూడాలి.

పాలకంకి
మీరు మీ నాయనని నువ్వంటే ఆయనా మిమ్మల్ని నువ్వంటారు కదండీ. నేను ఆ డాక్టరు గారిని తిరిగి నువ్వనగలనా?

రిటైర్డ్‌సిస్టర్
ఇరవై ఆరేళ్లు పిల్లల వార్డులో చేశాను. మర్యాద అంటే మనసు నొచ్చుకునే వ్యవహారం ఒక్కటే అనుకుంటున్నారు మీరంతా. "ఇప్పుడా తెచ్చేది?" అని తిట్టుతో మొదలుపెడితే, ఊళ్లో ఆర్‌ఎంపీ ఏ సూది వేశాడో ఆ తల్లి చెప్పదు. మళ్లీ తిడతారని భయం. అది తెలియకుండానే మనం ఇంకో మందు ఎక్కిస్తాం.

చీటీ చేతిలో పెట్టి పంపేస్తే ఇంటి దగ్గర ఏమవుతుందో కూడా చూశాను. లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని గ్లాసులో కలిపేస్తారు. విరేచనాలు తగ్గగానే జింక్ ఆపేస్తారు, పద్నాలుగు రోజులు వేయాలని ఎవరూ చెప్పరు. జ్వరం మందైతే మరీ భయం. చుక్కల మందులో ఒక్క ఎం.ఎల్.కి 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్‌లో 5 ఎం.ఎల్.కి 125. సిరప్ చెంచాతో చుక్కల మందు పోస్తే నాలుగింతలు పడుతుంది. కారులో వచ్చిన తల్లికి ఇవన్నీ రెండుసార్లు చెప్పేవాళ్లం, ఆవిడ అడుగుతుంది కాబట్టి. అడగలేని తల్లికి ఒక్కసారి కూడా చెప్పేవాళ్లం కాదు. నేనూ అందులో ఉన్నాను.

అట్లాంటాఅమ్మమ్మ
ఇది మన దగ్గరే కాదు. అమెరికా ప్రభుత్వ సర్వేలో పిల్లల తల్లిదండ్రుల్ని నాలుగు సంగతులు అడుగుతారు. డాక్టరు శ్రద్ధగా విన్నారా, అర్థమయ్యేలా చెప్పారా, మీ మాటకు గౌరవమిచ్చారా, తగినంత సమయమిచ్చారా అని. జవాబుల్ని కుటుంబ ఆదాయం వారీగా విడదీసి చూపిస్తారు. అక్కడా తక్కువ ఆదాయమున్నవాళ్లే ‘సరిగ్గా మాట్లాడలేదు’ అని ఎక్కువగా చెప్పారు. మందే తేలేదు గానీ, కనీసం కొలిచారు.

నైట్‌డ్యూటీ
మన దగ్గరా మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదుల కోసం ‘లక్ష్య’, 2021లో పిల్లల సేవల కోసం ‘ముస్కాన్’ అనే కేంద్ర కార్యక్రమాలు వచ్చాయి. ప్రమాణాలు రాశారు, తనిఖీలూ ఉన్నాయి. రెండో డాక్టరు కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది. సిస్టర్ గారూ, మీరు చెప్పిన చుక్కల మందు కేసు నేనూ చూశాను. దాని మీద వాదించను. రేపట్నుంచి చెంచా చూపించి చెప్తాను, ఎనభై మందికీ కుదురుతుందని మాత్రం మాటివ్వలేను.

పాలకంకి గారూ, ఇంతకీ బాబు వయసెంత? మామూలుగా మత్తుకి ముందు తల్లిపాలైతే నాలుగు గంటల దాకా, పోతపాలైతే ఆరు గంటల దాకా ఇవ్వొచ్చు.

పాలకంకి
పదకొండు నెలలు. తల్లిపాలే. ఆ రోజు చివరికి ఆయాని అడిగాం. రాత్రి పన్నెండు దాటితే చుక్క కూడా పట్టొద్దంది. లోపలికి పిలిచింది మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి.