అప్‌డేట్: మా గుర్రం చూడి కట్టింది

ఎదకొచ్చినా, రెండుసార్లు దాటించినా మా ఆడగుర్రానికి చూడి నిలవట్లేదని రెండు నెలల కింద హనుమకొండ నుంచి అడిగాను కదా. స్కానింగ్ చేయించమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్, అసలు విషయం అందులోనే తెలిసింది. డాక్టర్ రోజు విడిచి రోజు చూశారు. ఫోలికల్ (అండాశయంలో అండం ఉండే నీటి బుడగ) పెరిగింది గానీ పగల్లేదు. అండం విడుదల కాకుండానే లోపల రక్తం నిండింది. తెరమీద సాలెగూడులాంటి బూడిదరంగు పోగులు కనిపించాయి. మందేమీ ఇవ్వలేదు, కొన్ని వారాల్లో దానంతటదే కరిగిపోయింది.

తర్వాతి ఎదలో ఫోలికల్ 40 మిల్లీమీటర్లకు చేరాక అండం విడుదలయ్యేలా చేసే హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చారు, మర్నాడు దాటించాం. రెండు రోజుల్లోపే అండం విడుదలైంది. 15వ రోజు స్కాన్‌లో నల్లటి గుండ్రటి మచ్చలా పిండం సంచి కనిపించింది, ఒక్కటే! కవలలు కాదని తెలిశాకే నా టెన్షన్ తగ్గింది. గర్భసంచి కడిగించే అవసరం రాలేదు. దాణా లోపం కూడా కాదన్నారు.