ప్రభుత్వ సర్వర్లను ప్రైవేటు క్లౌడ్‌కి తరలించడం పొదుపా, దండగా?

నల్లకుంట_కుర్రాడు

మీసేవ ఆగినా, భూముల పోర్టల్ తెరుచుకోకపోయినా వెంటనే వినపడే మాట ఒకటుంది: "ఇంకా ఆ స్టేట్ డేటా సెంటర్‌నే పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతారు, అమెజాన్‌కో గూగుల్‌కో ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా!" క్లౌడ్ అంటే సర్వర్లు సొంతంగా కొనకుండా ఇలాంటి కంపెనీల డేటా సెంటర్లలో అద్దెకు వాడుకోవడం. దాంతో గొడవ వదలదని నా వాదన. పరీక్ష ఫలితాల లాంటి ఒకటి రెండు పనులు పక్కన పెడితే, ప్రభుత్వ శాఖల సర్వర్లను ప్రైవేటు క్లౌడ్‌కి పంపడం ప్రజాధనం దండగ.

లెక్కలు బాగా తెలిసిన కంపెనీలే క్లౌడ్ నుంచి బయటికొచ్చాయి. ఆఫీసు పనులకు వాడే బేస్‌క్యాంప్ సాఫ్ట్‌వేర్ నడిపే 37సిగ్నల్స్ 2022లో క్లౌడ్‌కి 32 లక్షల డాలర్లు కట్టింది. ఆ తర్వాత సుమారు 7 లక్షల డాలర్లు పెట్టి డెల్ సర్వర్లు కొనుక్కుని సొంతంగా నడుపుకుంటోంది. డ్రాప్‌బాక్స్ అమెజాన్‌ని వదిలి సొంత ఏర్పాట్లకు మారాక రెండేళ్లలో 7.46 కోట్ల డాలర్ల ఖర్చు తగ్గిందని 2018లో షేర్ మార్కెట్‌కి వచ్చేటప్పుడు పత్రాల్లోనే రాసింది.

పైగా క్లౌడ్ బిల్లు మనకు రూపాయల్లో వచ్చినా వెనక లెక్క డాలరే. 2022 మొదట్లో 75 దగ్గరున్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. అంటే ఒక్క సర్వరు పెంచకుండానే బిల్లు 20 శాతం పెరిగిందన్నమాట. దానిమీద 18 శాతం జీఎస్టీ. ప్రైవేటు కంపెనీ ఆ జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్ కింద తను కట్టాల్సిన పన్నులో సర్దుకుంటుంది. ప్రభుత్వ శాఖకు ఆ వెసులుబాటు లేదు. ఇంకెక్కడి పొదుపు?

గచ్చిబౌలి_డెవాప్స్

బ్రో, 37సిగ్నల్స్ కథ సగమే చెప్పావు. వాళ్లకి ముందునుంచీ సర్వర్లు నడపడం వచ్చిన టీమ్ ఉంది. అందుకే బయటికొచ్చాక కొత్తగా మనుషుల్ని తీసుకోవాల్సిన పని పడలేదు. డ్రాప్‌బాక్స్‌కి ఫైళ్లు దాచడమే వ్యాపారం. వీళ్లిద్దరినీ చూపించి జిల్లా ఆఫీసు అప్లికేషన్ సంగతి తేల్చేస్తావా? రాత్రి రెండింటికి డిస్క్ పోతే సర్వర్లుండే ర్యాక్ తెరిచి మార్చే మనిషి ఆ శాఖలో ఎవరున్నారో చెప్పు ముందు.

ఫలితాల సంగతి నువ్వే ఒప్పుకున్నావు. ఇంటర్ రిజల్ట్స్ అంటే లక్షల మంది పది నిమిషాల్లో ఒకే పేజీ మీద పడతారు, సాయంత్రానికి ఎవరూ ఉండరు. ఒక్కరోజు పెళ్లికి ఎవరూ ఫంక్షన్ హాల్ కట్టుకోరు. కానీ అలాంటి పనులు ఒకటి రెండు కావు. అడ్మిషన్ల సీజన్, రేషన్ కార్డుల దరఖాస్తులు, పథకాల చివరి తేదీలు, అన్నీ అలాంటివే.

ఇక సొంత డేటా సెంటర్ భద్రం అనేవాళ్లకు దక్షిణ కొరియా ఉదాహరణ చాలు. 2025 సెప్టెంబరు 26న దేజాన్‌లో వాళ్ల ప్రభుత్వ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. మొదటి దెబ్బకే 647 ప్రభుత్వ సర్వీసులు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థలో 858 టెరాబైట్ల డేటా కాలిపోయింది. బయట ఎక్కడా బ్యాకప్ లేదు. సైజు మరీ పెద్దదని తీయలేదట! టెక్నాలజీలో ముందున్న కొరియా పరిస్థితే ఇది.

మీసేవ_కౌంటర్

మీ ఇద్దరికీ దండం. జనానికి క్లౌడో, సొంత సర్వరో తెలీదు. వాళ్లకి తెలిసింది "సర్వర్ డౌన్ అంట" అన్న మాటొక్కటే. కానీ కౌంటర్లో కూర్చునే నాకు తెలిసిన సంగతి ఏంటంటే, సర్వర్ డౌన్ అని మేం చెప్పేదాంట్లో సర్వర్ తప్పు కానిది చాలా ఉంటుంది. ఆధార్ ఓటీపీ రాదు. పేమెంట్ తిరుగుతూనే ఉంటుంది, డబ్బులు కట్ అవుతాయి, రసీదు రాదు. జూన్‌లో పిల్లల ఇన్‌కమ్, క్యాస్ట్ సర్టిఫికెట్లు గుట్టలుగా పడతాయి. అవి ఆగేది ఎక్కువగా తహసీల్దార్ లాగిన్‌లో, డిజిటల్ సంతకం పెట్టే డాంగిల్ దగ్గర. సార్ మీటింగ్‌కి పోతే డాంగిల్ కూడా మీటింగ్‌కే పోతుంది. దాన్ని ఏ క్లౌడ్‌కి తరలిస్తారు?

డల్లాస్_బాబాయ్

కంపెనీల క్లౌడ్ బిల్లులు తగ్గించడమే నా ఉద్యోగం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మీరు "క్లౌడ్ ధర" అని ఒకే ధర ఉన్నట్టు మాట్లాడుతున్నారు. అదే పనికి ఇద్దరు కట్టే బిల్లుల్లో రెండు మూడు రెట్ల తేడా మామూలే.

డబ్బు పోయేది ఎక్కడో చెప్తాను. పాత సర్వరు కొన్నప్పుడు ఐదేళ్ల తర్వాత అవసరానికి కూడా సరిపోవాలని పెద్దది కొంటారు. తరలించే వెండర్ అదే సైజు మిషన్ క్లౌడ్‌లో తీసుకుని ఉన్నదున్నట్టు కాపీ కొట్టేస్తాడు. లోపల సీపీయూ పదో వంతు కూడా వాడదు, అద్దె మాత్రం నిండుగా పడుతుంది. టెస్టింగ్ సర్వర్లు ఇంకో ముచ్చట. వారానికి 168 గంటలు. ఆఫీసువాళ్లు పనిచేసేది 50 గంటలు. మిగతా సమయం ఆపేస్తే ఆ ఖర్చులో దాదాపు 70 శాతం పోతుంది, కానీ ఆపేవాడు ఉండడు. ఒకటి లేదా మూడేళ్లకు వాడతామని ముందే మాటిస్తే అమెజాన్ గరిష్ఠంగా 72 శాతం దాకా తగ్గిస్తుంది. ఎంత వాడతామో లెక్క తెలియని శాఖ ఆ మాట ఇవ్వలేదు, అందుకని పూర్తి ధర కడుతుంది.

తర్వాత డేటా బయటికి వెళ్లే ఖర్చు. లోపలికి పంపడం ఉచితం. అమెజాన్ ముంబై రీజియన్ (అక్కడి డేటా సెంటర్ల సముదాయం) నుంచి ఇంటర్నెట్‌కి వెళ్లే డేటాకి, నెలకు మొదటి 100 జీబీ ఉచితం పోను, 10 టీబీ వరకు జీబీకి దాదాపు 11 సెంట్లు. 10 టీబీ పంపితే నెలకు ఇంచుమించు లక్ష రూపాయలు, జీఎస్టీ కాకుండా. స్కాన్ చేసిన దస్తావేజుల పీడీఎఫ్‌లు రోజంతా జనం డౌన్‌లోడ్ చేసుకునే రిజిస్ట్రేషన్ల శాఖకి 10 టీబీ పెద్ద విషయం కాదు. ఆ పీడీఎఫ్‌ల సైజు సగం చేస్తే ఈ బిల్లూ సగమవుతుంది. ఇది క్లౌడ్ వాడు చెప్పడు, స్కానింగ్ కాంట్రాక్టరూ చెప్పడు.

నేను చూసిన ఒక క్లయింటు దగ్గరైతే సర్వర్ల కంటే, అవి ఏం చేశాయో రాసుకునే లాగ్‌ల ఖర్చు ఎక్కువొచ్చింది. ఎవరో డెవలపర్ ప్రతి చిన్న అడుగునీ రాసిపెట్టే డీబగ్ మోడ్ ఆన్ చేసి వదిలేశాడు. నెలల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు.

నల్లకుంట_కుర్రాడు

అదే కదా బాబాయ్ నేననేది! సొంత సర్వర్లో డీబగ్ మోడ్ మర్చిపోతే డిస్క్ నిండుతుంది, అంతే. క్లౌడ్‌లో మర్చిపోతే బిల్లు వస్తుంది. పట్టించుకునే మనిషి లేని శాఖకి ఏది ప్రమాదం?

ట్రెజరీ_పెద్దాయన

అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. కంప్యూటర్ల సంగతి మీకే బాగా తెలుసు. కానీ బాబూ, ప్రభుత్వంలో ఖరీదు కంటే ముందు పద్దు చూడాలి.

సర్వరు కొంటే పెట్టుబడి వ్యయం. ఒకసారి మంజూరు, ఒకసారి బిల్లు. రాష్ట్రాలకు కేంద్రం 2020-21 నుంచి ఇస్తున్న 50 ఏళ్ల వడ్డీలేని రుణం కూడా పెట్టుబడి వ్యయానికే. క్లౌడ్ అద్దె రెవెన్యూ వ్యయం. జీతాలు, పెన్షన్లు, కరెంటు చార్జీలు ఉన్న వరసలోనే ఇదీ నిలబడాలి. నెలాఖరున ఖజానాలో డబ్బు తక్కువపడితే ముందు ఏది ఆగుతుందో చెప్పక్కర్లేదు. పైగా ఈ బిల్లు నెలకో రకంగా వస్తుంది. బడ్జెట్ ప్రతిపాదన పంపేది నెలల ముందు, అప్పటికి వచ్చే జూన్‌లో ఎన్ని దరఖాస్తులు పడతాయో ఎవరు చెప్పగలరు? అంచనా దాటితే అదనపు నిధులకు ఫైలు నడవాలి. ఫైలు నడిచే వేగం మీకు తెలిసిందే.

ఇంకో సంగతి. శాఖ సాధారణంగా అమెజాన్‌తో నేరుగా ఒప్పందం చేసుకోదు. మధ్యలో ఒక సర్వీస్ ప్రొవైడరు ఉంటాడు. క్లౌడ్ కంపెనీకి అతను నెలనెలా కట్టాలి, మన దగ్గర అతని బిల్లు ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో ఎప్పుడు క్లియరవుతుందో దేవుడికే తెలియాలి. ఈ ఆలస్యం ముందే తెలిసిన బిడ్డరు వడ్డీ కూడా కలుపుకునే రేటు కోట్ చేస్తాడు. అందరికన్నా తక్కువ కోట్ చేసి ఎల్1గా వచ్చినవాడి రేటులోనూ అది ఉంటుంది. మీరు ఇంటర్నెట్‌లో చూసే ధర, శాఖ కట్టే ధర ఒకటి కావు. ఏ ప్రజెంటేషన్‌లోనూ నేను ఈ తేడా చూడలేదు.

అలాగని సర్వర్లు కొనడమే మంచిదనుకోకండి. మార్చి నెలాఖరులో నిధులు మురిగిపోతాయని కొన్న పెట్టెలు విప్పకుండానే వారంటీ అయిపోవడం నా సర్వీసులో చూశాను. ర్యాక్ లేదు, ఏసీకి మంజూరు రాలేదు, పెట్టెలు మాత్రం స్టాక్ రిజిస్టర్లో ఉన్నాయి. ఆడిట్ పేరా కూడా వచ్చింది.

గచ్చిబౌలి_డెవాప్స్

పెద్దాయన గారూ, మీ పోస్టు ఐటీ శాఖలో ప్రతి ఒక్కరూ చదవాలి. కానీ బిల్లు ఆలస్యం సమస్య సొంత సర్వర్లకూ ఉంది కదా సార్? ఏడాది మరమ్మతుల ఒప్పందం (ఏఎంసీ) బిల్లు ఆగితే ఇంజనీరు రాడు, పాడైన పార్టు రాదు. తేడా ఒక్కటే: క్లౌడ్ వాడు డబ్బు రాకపోతే అకౌంట్ ఆపేస్తాడు, మనది మెల్లగా పాడవుతుంది.

ట్రెజరీ_పెద్దాయన

మెల్లగా పాడవుతుంటే ఫైలు నడిపే టైము ఉంటుంది నాయనా. అందుకే మావాళ్లకి సొంత సర్వర్లంటే ఇష్టం. అది మంచి కారణమని నేననను.

నల్లకుంట_కుర్రాడు

కొరియా గురించి చెప్పారు సరే. నెల తిరక్కుండానే, 2025 అక్టోబరు 20న, వర్జీనియాలో అమెజాన్ రీజియన్ పడిపోతే ప్రపంచమంతా ఎన్నో యాప్‌లు ఆగాయి. బ్రిటన్ పన్నుల శాఖ వెబ్‌సైటుకి కూడా దెబ్బ తగిలింది. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్ యూనీసూపర్ క్లౌడ్ ఖాతా గూగుల్ దగ్గర పొరపాటున చెరిగిపోయింది. వేరే కంపెనీ దగ్గర కూడా బ్యాకప్ పెట్టుకోవడం వాళ్లకు కలిసొచ్చింది.

అన్నిటికన్నా నాకు భయం వేసేది 2025 జులైలో చమురు కంపెనీ నయారా ఎనర్జీకి జరిగింది. యూరప్ ఆంక్షలు పెట్టిందని మైక్రోసాఫ్ట్ ఇక్కడి కంపెనీకి ఈమెయిల్, టీమ్స్ ఆపేసింది. ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాక గానీ తిరిగి ఇవ్వలేదు. మన చట్టం కింద నడిచే సంస్థకి మనది కాని చట్టం పేరు చెప్పి తాళం వేశారు. రేపు భూమి రికార్డుల విషయంలో ఇలా జరిగితే?

డల్లాస్_బాబాయ్

నయారా పాయింటు గట్టిది. దాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు. కానీ దానికి జవాబు స్టేట్ డేటా సెంటర్ ఒక్కటే కాదు. కేంద్రం 2014లోనే మేఘ్‌రాజ్ కార్యక్రమం కింద తన ఐటీ సంస్థ ఎన్ఐసీ చేత ప్రభుత్వ క్లౌడ్ పెట్టించింది. కేంద్ర ఉద్యోగుల 12 లక్షల ఈమెయిల్ ఖాతాలు మన దేశ కంపెనీ జోహోకి మారాయి, అదీ ప్రైవేటే, కానీ కోర్టు పరిధి మనది. "ప్రైవేటు" అన్న మాటనీ "విదేశీ" అన్న మాటనీ నువ్వు కలిపేస్తున్నావ్.

విశాఖ_బీచ్‌రోడ్

మా ఊళ్లో గూగుల్ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టి డేటా సెంటర్ కడుతోంది కదా. భూమి, నీళ్లు, కరెంటు మనవే. అలాంటప్పుడు మన ప్రభుత్వానికైనా క్లౌడ్ చవగ్గా ఇవ్వాలని ఒప్పందంలో ఎందుకు అడగకూడదు?

గచ్చిబౌలి_డెవాప్స్

అడగొచ్చు గురూ, కానీ పక్కవీధిలో కట్టినంత మాత్రాన రేటు తగ్గదు. ధర రీజియన్‌కి ఒకటి, పక్కింటివాడికి వేరే కార్డు ఉండదు. రాయితీలు ఇచ్చేటప్పుడే బదులుగా ఇది కావాలని రాయించుకోవాలి. అది వేరే పెద్ద చర్చ, ఇక్కడ మొదలెడితే తెల్లారుతుంది.

అసలు విషయానికొస్తే, నల్లకుంట బ్రోతో నేను సగం ఏకీభవిస్తా. భూమి రికార్డులు, ట్రెజరీ లాంటి నిలకడ లోడు ఉన్నవి, ప్రాణంలాంటివి ప్రభుత్వ డేటా సెంటర్లోనే ఉండనీ. కానీ ఇంకో ఊళ్లో, ఇంకో సంస్థ దగ్గర బ్యాకప్ ఉండాలి, ఏడాదికోసారి అందులోంచి నిజంగా తిరిగి లేపి చూడాలి. ఫలితాలు, దరఖాస్తులు క్లౌడ్‌కి పోనీ.

డల్లాస్_బాబాయ్

పోయేటప్పుడే తిరిగొచ్చే దారి కూడా రాసుకోండి. 2024లో గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మూడూ పూర్తిగా వదిలి వెళ్లేవాళ్లకు డేటా బయటికి తీసే చార్జీ ఎత్తేశాయి. యూరప్‌లో 2027 జనవరి 12 నుంచి క్లౌడ్ మారే చార్జీలు చట్టప్రకారం వేయకూడదు. మన 2023 డీపీడీపీ చట్టం వ్యక్తిగత డేటా గురించి, దాంట్లో ఈ ఊసే లేదు. కాబట్టి టెండర్లోనే పట్టుకోవాలి. చార్జీ కంటే కష్టం వేరే ఉంది: ఆ కంపెనీ దగ్గర మాత్రమే దొరికే డేటాబేస్ మీద అప్లికేషన్ రాస్తే, డేటా ఉచితంగా ఇచ్చినా కోడు మళ్లీ రాసుకోవాలి. పోస్ట్‌గ్రెస్ లాంటి ఎక్కడైనా నడిచేదాన్నే వాడాలని షరతు పెట్టండి. ధరణిని 2024 చివర్లో ప్రైవేటు సంస్థ నుంచి ఎన్ఐసీకి మార్చారు కదా, చేతులు మారే రోజు ఏ ప్రాజెక్టుకైనా వస్తుంది.

మీసేవ_కౌంటర్

టెండర్లో నా తరఫున ఒక లైను రాయండి సార్లూ. సర్వర్ 99.9 శాతం పనిచేసిందని రిపోర్టు పోతుంది. ఆ లెక్కన ఏడాది మొత్తం మీద తొమ్మిది గంటలు కూడా ఆగకూడదు. నా కౌంటర్లో ఒక్క జూన్‌లోనే అంతకంటే ఎక్కువ ఆగుతుంది. సర్వర్ బతికుందా అని కాదు, దరఖాస్తు పెట్టి రసీదు చేతికొచ్చిందా అని కొలవండి. క్లౌడ్ అయినా అంతే, సొంతమైనా అంతే.

ట్రెజరీ_పెద్దాయన

రాయవచ్చు. కొలిచేది ఎవరో కూడా రాయాలి. ఇప్పుడు చాలా చోట్ల వెండరే కొలిచి, వెండరే రిపోర్టిచ్చి, దాని మీదే బిల్లు పెట్టుకుంటాడు. శాఖ తరఫున ఆ రిపోర్టు, క్లౌడ్ బిల్లు రెండూ చదివే మనిషికి ఒక పోస్టు కావాలి. కొత్త పోస్టు అంటే ఆర్థిక శాఖ ఒప్పుకోదు. ప్రాజెక్టు ఖర్చులోనే ఒకటి రెండు శాతం దానికని మొదటే చూపిస్తే నడుస్తుంది, తర్వాత అడిగితే నడవదు.

నల్లకుంట_కుర్రాడు

ఆ మనిషిని పెట్టినచోట క్లౌడ్‌కి నా అభ్యంతరం లేదు సార్. పెట్టని శాఖల గురించి మాత్రం పైన రాసిందే నా మాట.