సమస్యాపూరణం: “గద్దె దిగినవాడె గద్దె నెక్కె”

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్సులు. ఈ వారం ఆటవెలది. పూరణ జావా ద్వీపంలో యోగ్యకర్త రాజ్యాన్ని ఏలిన సుల్తాను రెండవ హమెంగ్కుబువొనో గురించే ఉండాలి. 1792లో పట్టాభిషేకం. 1810 చివర డచ్చి గవర్నరు జనరల్ డాండెల్స్ దింపేశాడు. మరుసటేడు ఆంగ్లేయులు జావాలో దిగగానే తనే మళ్ళీ గద్దె పట్టాడు. 1812 జూన్‌లో ఆంగ్ల లెఫ్టినెంట్ గవర్నరు రాఫెల్స్ సేన కోట పగలగొట్టి, ఆయన్ను పినాంగ్ దీవికి పంపింది. 1826లో తిరిగి సుల్తాను!

విజయనగరం మాస్టారు:
డచ్చివారు దింప, వచ్చి యాంగ్లేయులు
దూరదీవి కంపి దోచుకొనగ,
ముసలినాట మరల మూడవసారిగా
గద్దె దిగినవాడె గద్దె నెక్కె.

నిర్వాహకుడు: మాస్టారూ, మొదటి పాదంలో ప్రాసయతి (డచ్చి–వచ్చి) హాయిగా కుదిరింది. రెండో పాదంలోనే చిక్కు. “అంపి దోచుకొనగ” అంటే పంపించాక దోచినట్టు. దోపిడీ ముందే జరిగింది. ఖజానాతో పాటు రాజుగారి రాతప్రతులూ పోయాయి. 2019లో బ్రిటిష్ లైబ్రరీ 75 ప్రతుల డిజిటల్ నకళ్ళు యోగ్యకర్తకు ఇచ్చింది, అసలువి లండన్‌లోనే ఉన్నాయి. నాకది కడుపుమంట. “దోచి నగరునంత దూరమంప” అని చూడండి.

విజయనగరం మాస్టారు: శిరోధార్యం. కోటకు “నగరు” అన్న మాట నాకు తట్టనే లేదు.

హైదరాబాదు సోదరి: 1808లో డాండెల్స్ కొత్త మర్యాదలు పెట్టాడు. రెసిడెంటు, అంటే కొలువులోని డచ్చి ప్రతినిధి, సుల్తాను ముందు టోపీ తీయడు, సరిసమానంగా కూర్చుంటాడు. సుల్తాను తన ఆసనం కింద చెక్కపీట వేయించుకున్నాడు. నా పద్యం ఆ పీట మీదే.
పీట యెత్తు పెంచి పీఠాన కూర్చుండి
తగ్గనన్న రాజు దండు కోడి
పరుల చెరను వీడి పదునాలుగేండ్లకు
గద్దె దిగినవాడె గద్దె నెక్కె.

నిర్వాహకుడు: పీట అద్భుతం, అమ్మా. అయితే “దండుకు ఓడి” అని విడదీసుకునేలోపే చెవికి కోడి వినిపిస్తోంది. “దండనొంది” అంటే యతి చెడదు, రసమూ చెడదు.

బందరు పెద్దాయన: అందరికీ ఒక మాట. “ఎక్కె” అన్న క్రియ 1811కే చెల్లుతుంది. 1826లో ఆయన ఎక్కలేదు, ఎక్కించారు. 1825లో డచ్చివారిపై యుద్ధం మొదలుపెట్టిన దిపొనెగొరో స్వయానా ఆయన మనుమడు. జనం మనుమడి వెంట పోతుంటే 76 ఏళ్ళ తాతను తెచ్చి కూర్చోబెట్టారు.
మనుమడెదురుతిరుగ మంటార్ప నెంచుచు
తాతఁ జెరను బాపి దరికిఁ దెచ్చి
డచ్చిదొరలు నిలుప ముచ్చటలేకయే
గద్దె దిగినవాడె గద్దె నెక్కె.

నిర్వాహకుడు: “ముచ్చటలేకయే” దగ్గర ఆగిపోయాను, బాబాయిగారూ. సమస్య ఇచ్చినప్పుడు నేనూ దీన్ని గెలుపనే అనుకున్నాను. 1828 జనవరిలో ఆయన పోయేనాటికి మనుమడు ఇంకా పోరాడుతూనే ఉన్నాడు.