అడ్డంకే దారా, అద్దంకి దారా?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. ఒక చిన్న అనుమానం, చిన్నదే అనుకున్నా గానీ రెండు రోజుల నుంచి బుర్ర తినేస్తుంది. నెల్లూరు పక్కన రొయ్యల మేత అమ్మే డీలర్ కాడ నా పని, పొద్దున లేస్తే రొయ్యల గుంటల మింద తిరగడమే. మా మేనేజర్ గారికి ఈ మధ్య స్టోయిక్ తత్వం (మన చేతిలో లేనిదానికి కుమిలిపోకుండా నిబ్బరంగా ఉండమనే పాత గ్రీకు, రోమన్ ఆలోచన) పట్టుకుంది, ఆఫీసు గోడ మీద రోమన్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ మాట ఒకటి, దారికి అడ్డం పడేదే దారి అవుతుంది అనేది, తెలుగులో రాయించాలంట, నువ్వు సాహిత్యం చదువుతావు కదా చెయ్యి అని నా మీద పడేశాడు. నేను "అడ్డంకే దారి" అని కొట్టి స్టాఫ్ గ్రూపులో పెట్టా. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే కీబోర్డు కదా, డ కీ ద కీ తేడా దానికేం తెలుసు, "అద్దంకే దారి" అని పడింది. నిమిషంలో మా డ్రైవర్ జవాబు పెట్టాడు: "ఒంగోలు దాటి మేదరమెట్ల కాడ ఎడం పక్కకి తిరగాల సార్, ఎప్పుడు పోవాల?"

నవ్వులన్నీ అయ్యాక దిద్ది మళ్ళీ పెట్టా, కానీ సరిగ్గా రాసినా ఏదో తేడాగానే ఉంది. ఆలోచిస్తే తెలిసింది, అడ్డం, దారి ఈ రెండూ పక్కపక్కన పెడితే తెలుగోడి చెవికి వినపడేది ఒకటే మాట, అడ్డదారి. మేత కొట్టు గోడ మీద అది చూసి రైతు ఏమనుకుంటాడు? వీళ్ళు తూకంలో కొడుతుండారని ముందే అనుమానం ఆయనకి, ఇప్పుడు బోర్డే పెట్టేశారు అనుకుంటాడు.

అసలు ఈ "అడ్డు" సంగతే విచిత్రంగా ఉంది. అడ్డుకట్ట నీళ్ళని ఆపుతుంది, ఆ ఆపడం వల్లే మనకి నీళ్ళు. "ఆ రోజు ఆయన అడ్డం పడకపోతే నా పని అయిపోయేది" అంటాం, అక్కడ అడ్డం పడటం అంటే కాపాడటం. అదే మనిషి మన లోనుకి అడ్డం పడితే శత్రువు. మరి మార్కస్ చెప్పిన అడ్డు ఏ అడ్డు? దానికి ఏం మాట వాడాల?

కందుకూరు మాస్టారి జవాబు:
నాయనా, రోమ్ దాకా ఎందుకు, భర్తృహరి ఎప్పుడో చెప్పాడు, ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేశాడు, మా పిల్లలందరి చేతా కంఠతా పట్టించినవాణ్ణి.

ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాస సంత్రస్తులై
యారంభించి పరిత్యజింతు రురు విఘ్నాయత్తులై మధ్యముల్
ధీరుల్ విఘ్ననిహన్యమాను లగుచున్ ధృత్యున్నతోత్సాహులై
ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

అడ్డంకి వస్తుందేమోనని భయపడి మొదలే పెట్టనివాడు ఒకడు, మొదలుపెట్టి అడ్డంకి రాగానే వదిలేసేవాడు ఒకడు, దెబ్బలు తింటూనే పట్టినపని వదలనివాడు ఒకడు. "నిహన్యమానులగుచున్" అన్నాడు చూడు, దెబ్బ తగలదని చెప్పలేదు, తగులుతూ ఉండగానే అంటున్నాడు. ఉజ్జగించడం అంటే విడిచిపెట్టడం, ఎంత చక్కటి మాట, ఇప్పుడు ఒక్కడూ వాడడు. గోడ మీద "ఉజ్జగింపరు" అని రాయించు.

అల్లూరు వైపు రైతన్న:
మాస్టారూ పద్యం బాగుండాది, చిన్నప్పుడు మేమూ నేర్చుకున్నాం. కానీ గుంట మింద మాత్రం ఇది పనికిరాదు, చెప్తే కోపం తెచ్చుకోమాకండి. తెల్లమచ్చ జబ్బు వచ్చి రొయ్య గట్టు చేరినాక కూడా నేను ధీరుణ్ణి ఉజ్జగించను అని కూర్చుంటే తెల్లారేసరికి నీళ్ళు తప్ప ఏం మిగలదు. ఆ రోజుకి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంతుంటే అంతకి, రేటు ఎంతిస్తే అంతకి పట్టుబడి చేసేయడమే, అంటే రొయ్యంతా పట్టి అమ్మేయడమే తెలివి. నేను ఒకసారి ఇంకో వారం ఆగితే రెండు గ్రాములు పెరుగుద్దిలే అని మొండికేసి మొత్తం పోగొట్టుకున్నా, నన్ను ఏ కవీ ప్రజ్ఞానిధి అనలా, మా ఇంటామె అన్న మాట ఈడ రాయలేను.

ఒంగోలు నుంచి ఒక మేడమ్ (అకౌంట్స్‌లో చేస్తారు):
మార్కస్ రాసుకున్న పుస్తకంలో అయిదో భాగంలో ఉంటుంది ఈ మాట, ముందూ వెనకా చదివితే వేరే సంగతి కనపడుతుంది. ఆయన అక్కడ మాట్లాడేది రాళ్ళూ రప్పల గురించి కాదు, మనుషుల గురించి. మనుషులు నాకు దగ్గరివాళ్ళే, వాళ్ళకి మంచి చెయ్యాలి, ఓర్చుకోవాలి, కానీ వాళ్ళలో కొందరు నా పనికి అడ్డం వస్తే అప్పుడు వాళ్ళు నాకు ఎండ, గాలి, అడవి జంతువు లాంటి వాళ్ళే, నా చేత పనిని ఆపగలరేమో గానీ నా ఉద్దేశాన్నీ నా మనసు తీరునీ ఆపలేరు, అని అంటాడు. ఆ తర్వాతే ఈ దారి మాట. అంటే పని ఆగిపోవచ్చు అని ఆయన ముందే ఒప్పుకున్నాడు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాల వాళ్ళు ఆ ముక్క వదిలేసి అడ్డంకి వస్తే గెలుపు ఖాయం అన్నట్టు చెప్తున్నారు.

అలాంటప్పుడు అడ్డంకి అనే మాట చల్లగా ఉంటుంది కదండీ, మనకి మోకాలడ్డటం అని ఎంత మంచి మాట ఉంది. నేను పాత ఆఫీసులో చేసేటప్పుడు ఒక పెద్దాయన నా బిల్లులన్నిటికీ మోకాలడ్డేవారు, కాగితం తక్కువని ఒకసారి, తేదీ తప్పని ఒకసారి, ఏమీ దొరక్కపోతే రేపు రమ్మని. ఏడ్చాను కూడా. ఆయన సంతకం నా చేతిలో లేదు, నోట్ ఎలా రాయాలో మాత్రం నా చేతిలో ఉంది, ఇక ఆయన అడిగేవన్నీ ముందే ఊహించి జతచేసి పంపేదాన్ని. ఆయన మారారా అంటే మారలేదు, నాకు మాత్రం నోట్ రాయడం వచ్చింది. ఇప్పుడు చేసే చోట ఆ పనితోనే బతుకుతున్నా.

మళ్ళీ నేను:
మేడమ్ గారూ మీరు చెప్పినాక మాస్టారి పద్యం, రైతన్న గోడు రెండూ ఒకదానికొకటి అతుకుతున్నాయి నాకు. పద్యంలో ధీరుడు వదలనిది పట్టిన పని, మార్కస్ వదలనిది తన నడవడి. గుంట ఖాళీ చెయ్యాల్సి వస్తే చేసేస్తాడు, కానీ కూలోళ్ళ మీద అరవడు, జబ్బు నీళ్ళు ఊరికే కాలవలోకి వదిలి పక్కోడి గుంట ముంచడు. ఎపిక్టెటస్ అని ఇంకొక స్టోయిక్ ఆయన ఉన్నాడు, బానిసగా పుట్టి తర్వాత గురువైనాడు, కొన్ని మన చేతిలో ఉంటాయి కొన్ని ఉండవు అనేది ఆయన మొదటి పాఠం. రైతుకి రేటు చేతిలో లేదు, కరెంటు చేతిలో లేదు, కానీ ఏరియేటర్లు (గుంట నీళ్ళు చిలికి గాలి కలిపేవి), జనరేటరు చూసుకోవడం చేతిలో ఉంది. తెల్లారుజామునే గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది, రాత్రంతా నీళ్ళలో నాచు కూడా ఊపిరి పీల్చేస్తది కదా, సరిగ్గా అప్పుడే కరెంటు పోతది. సాయంత్రమే జనరేటర్ ఒకసారి తిప్పి చూసుకోండని రైతులకి నేను చెప్పి చెప్పి అలిసిపోయా.

ఈ ముందే చెడు ఊహించి పెట్టుకోవడం స్టోయిక్ వాళ్ళ ముఖ్యమైన సాధన అంట. మనవాళ్ళు రెండు మాటల్లో తేల్చేశారు, కీడెంచి మేలెంచు. సెనెకా అనే ఇంకో స్టోయిక్ అయితే ఇంకోటి చెప్తాడు, ఓడ ఎక్కుతా, మధ్యలో ఏదీ అడ్డం రాకపోతే, అని తోక తగిలించి అనుకోవాలంట ఏ పనైనా. ఇది చదివి నాకు నవ్వొచ్చింది, మా నాయనమ్మ "ఆ దేవుడు సల్లగా చూస్తే" అనకుండా రేపు కూర ఏందో కూడా చెప్పేది కాదు. మనం దాన్ని బద్దకం మాట కింద మార్చేసుకున్నాం, "చూద్దాంలే" అంటే చెయ్యననే కదా అర్థం ఇప్పుడు.

కందుకూరు మాస్టారు:
ఒప్పుకుంటున్నా నాయనా, పద్యం చెప్పేది పట్టిన పని వదలకపోవడం గురించి, మార్కస్ మాట పని ఆగిపోయినప్పటి గురించి. స్టోయిక్ అన్నదాన్ని పేపర్లలో విరాగి అని రాస్తున్నారు, అది మాత్రం తప్పు, చక్రవర్తి విరాగి ఎట్లా అవుతాడు, యుద్ధాల్లో ఉంటూ రాసుకున్నాడు ఆయన. నిబ్బరం అనండి. ఆ పేరు కూడా గ్రీకులో వసారా అనే మాట నుంచి వచ్చింది, ఏథెన్స్‌లో బొమ్మలు వేసిన వసారాలో ఈ తత్వం మొదలుపెట్టిన జీనో పాఠం చెప్పేవాడు. మన అరుగు మీద కూర్చున్నట్టే, నిబ్బరానికి అరుగు మంచి చోటే.

మళ్ళీ నేను:
మేనేజర్ గారికి చెప్పా, అడ్డంకే దారి వద్దు సార్, అడ్డదారి అనుకుంటారు, "పని ఆగినా పద్ధతి ఆగదు" అని రాద్దాం అని. పని ఆగినా అనేది కస్టమర్లు చూస్తే బాగోదు అన్నాడు. అదీ నిజమే, నేను నిబ్బరంగా ఊరుకున్నా.

అల్లూరు రైతన్న:
మీరు గోడ సంగతి తేల్చేలోపు నేను మా జనరేటర్ షెడ్డు తలుపు మింద సుద్దముక్కతో కీడెంచు అని రాసినా. కాపలా పిల్లోడు చూసి "కీడు ఎవురికి అన్నా?" అని అడుగుతుండాడు, సాయంత్రం నుంచి ఆ పక్కకి పోవడంలా.