పాటల పండుగ కంపెనీ చేతికి పోతే ఏం పోతది?

కాజీపేట తమ్ముడు:
2023 జనవరిల ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సుకు బుక్‌మైషో వాళ్లు లొల్లాపలూజా అనే అమెరికా పాటల పండుగను తెచ్చిండ్రు. అసొంటిది వరంగల్‌కు ఏదన్న కంపెనీ తెస్తానంటే నేనైతే రమ్మంట. మేం నలుగురు దోస్తులం సొంత పైసలతోని హన్మకొండల ఒక కార్యక్రమం పెట్టినం. సాయంత్రం వాన దంచింది. స్టేజీ మీద టార్పాలిన్ ఎగిరిపోయింది, మిక్సర్ తడిసింది. లైటింగోళ్ల బాకీ తీర్చేటందుకు ఎనిమిది నెలలు పట్టింది. కంపెనీ అయితే ఆ దెబ్బ తట్టుకుంటది.

మట్టెవాడ అక్క:
తమ్మీ, నీ బాధ నాకు ఎరికే. కానీ ఆ లొల్లాపలూజా కథే చూడు. 1991ల పెర్రీ ఫారెల్ అనే పాటగాడు తన బ్యాండ్‌కు వీడ్కోలు యాత్రగ దాన్ని మొదలుపెట్టిండు. తర్వాత అది సీ3 ప్రెజెంట్స్ అనే కంపెనీ చేతికి వచ్చింది. 2014ల సీ3లో సగానికి మించి వాటా లైవ్ నేషన్ అనే పెద్ద కచేరీల కంపెనీ కొన్నది. అదే లైవ్ నేషన్ 2010లనే టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్‌తోని కలిసింది. అంటే కచేరీ పెట్టేది వాళ్లే, టికెట్ అమ్మేది వాళ్లే, చాలాచోట్ల వేదికలు నడిపేది కూడ వాళ్లే. 2024 మేల అమెరికా న్యాయశాఖ గుత్తాధిపత్యం అని వాళ్ల మీద కేసు ఏసింది.

"ఎవరిదైతే ఏంది, పాట పాటే గద" అంటరు. కాదు. పెద్ద పండుగల ఒప్పందంల ఒక షరతు ఉంటది: మా దగ్గర పాడితే ఇన్ని నెలలు, ఇంత దూరంల ఇంకోచోట పాడొద్దని. అమెరికాల కోచెల్లా అనే పెద్ద పండుగ పెట్టిన ఈ షరతు మీదనే 2018ల ఒరెగాన్ రాష్ట్రంల ఒక చిన్న పండుగోళ్లు కోర్టుకు ఎక్కిండ్రు. రేపు హైదరాబాద్‌ల పాడినోళ్లను వరంగల్‌ల పాడొద్దంటే మన పరిస్థితి ఏంది?

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయిరా. ఒగ్గు పూజారి పసుపు, కుంకుమ, బియ్యప్పిండి చేత్తోని జార్చుకుంట నేల మీద పట్నం అనే ముగ్గు ఏస్తడు. డోలు మోగుతుంటే జనం సుట్టూ కూసుంటరు, పిల్లలు ముందుకు జరుగుతరు. కంపెనీ పండుగల లెక్క గేటు కాడ మంచినీళ్ల సీసా గుంజుకునేటోడు ఎవడూ ఉండడు.

కాజీపేట తమ్ముడు:
అక్కా, జాతరకు భక్తితోని వస్తరు. మరి ఆ డోలు కొట్టే అన్నకు మనం చేతిల పెట్టేదెంత? పది, ఇరవై. కంపెనీ స్టేజీ ఎక్కితే పారితోషికం అన్న దక్కుతది.

మట్టెవాడ అక్క:
అది మన తప్పే, ఒప్పుకుంట. ఆయనకు ముందుగాలనే పైసలు ఇయ్యాలె. అయినా పనికి కంపెనీని పెట్టుకునుడు వేరు, పండుగనే అమ్ముకునుడు వేరు. ఇంగ్లండ్‌ల గ్లాస్టన్‌బరీ పాటల పండుగ 1970ల పాడిరైతు మైకేల్ ఈవిస్ పొలంల మొదలైంది. టికెట్ ఒక పౌండు, పాలు ఉత్తగనే. 2000ల టికెట్ లేనోళ్లు కంచె దూకి ఏలకొద్ది వచ్చిండ్రు. 2002 నుంచి భద్రత, ఏర్పాట్ల కోసం మీన్ ఫిడ్లర్ అనే కంపెనీని తెచ్చుకున్నరు. పండుగ ఇప్పటికీ ఆ ఇంటోళ్లదే, రెండు లక్షల మంది వస్తరు. మన దగ్గర కూడ పేరు, తేదీ, ఎవరు పాడాలన్న మాట ఊరి కమిటీ దగ్గర ఉండాలె. కంపెనీకి ఏడాదికో ఒప్పందం చాలు.

కాజీపేట తమ్ముడు:
పేరు మన దగ్గర పెట్టుకునేటందుకు నేను సై. ఆ షరతు కూడ వద్దే వద్దు. కానీ అక్కా, మళ్ల వాన పడితే ఆ బాకీ కమిటీల ఎవరి పేరు మీద రాస్తరు? అది ముందు చెప్పుండ్రి.