మూడేళ్ల పాప నన్ను ‘మౌసీ’ అంటోంది

గుంటూరు అమ్మాయి (ఒహాయో):

నమస్కారం అండీ. ఒడిశాలోని ఒక శిశుగృహం నుంచి మా పాపని దత్తత తీసుకుని ఇంటికి తెచ్చుకుని ఏడు వారాలైంది. మూడేళ్ల రెండు నెలలు. ఇండియాలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నాక నాలుగేళ్లు ఎదురుచూశాం. హోమ్ స్టడీ, ఎన్‌ఓసీ, కలెక్టర్ గారి ఆర్డర్, దత్తత పిల్లలకిచ్చే ఐహెచ్-3 వీసా... కాగితాల సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. పిల్ల ఇంటికొచ్చాక ఏం చెయ్యాలో తెలియట్లేదు.

తను నన్ను మౌసీ అంటుంది. అక్కడ పిల్లల్ని చూసుకునే ఆడవాళ్లందరినీ అలాగే పిలుస్తారు. ఇండియన్ స్టోర్‌లో బిల్లు కొట్టే ఆవిడా మౌసీయే, పక్కింటావిడా మౌసీయే. మొన్న స్టోర్‌లో ముక్కూమొహం తెలియని ఆవిడ నవ్వగానే చేతులు చాచి చంకనెక్కేసింది. నా వైపు చూడనైనా చూడలేదు. ఇంటికొచ్చి కుళాయి తిప్పి ఏడ్చాను.

నిన్న దుప్పట్లు మారుస్తుంటే దిండు కింద చపాతీ ముక్కలు దొరికాయి. నాలుగు. చిన్నగా మడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. అడుగుది బూజు పట్టింది. తను గుమ్మంలో నిలబడి నా చేతులకేసే చూస్తోంది. ఏడవలేదు. కిందపడి మోకాలు కొట్టుకుపోయినా ఏడవదండీ. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

ఆ చపాతీలు తీసెయ్యాలా, వద్దా? ఇంకోటి అడగడానికి సిగ్గుగా ఉంది. పాపని చూస్తే జాలేస్తుంది, నా బాధ్యత అనిపిస్తుంది. అందరూ చెప్పే ఆ ప్రేమ మాత్రం ఇంకా రాలేదు. వచ్చే నెల సోషల్ వర్కర్ మొదటి రిపోర్టు కోసం వస్తారు. ఈ మాట చెబితే పాపని తీసుకెళ్లిపోతారేమోనని టెన్షన్. ఐదు వారాల్లో నా సెలవు అయిపోతుంది. అత్తయ్యగారు వస్తున్నారు, అరవై మందిని పిలిచి వేడుక చేద్దామంటున్నారు.

మిచిగన్ అక్క:

చెల్లీ, ముందు బూజు పట్టింది ఒక్కటీ తీసెయ్, అదీ తను చూస్తుండగానే. దాని బదులు తాజాది తన చేతికే ఇవ్వు. మంచం పక్కన మూతలేని చిన్న గిన్నెలో అరటిపండు, మరమరాలు పెట్టు. రోజూ తనతోనే నింపించు. మా వాడు రాజమండ్రి పిల్లాడు, రెండున్నరేళ్లప్పుడు వచ్చాడు. అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని గంటసేపు మింగేవాడు కాదు. గిన్నె పెట్టాక మూడు నెలలకి మానేశాడు.

మౌసీ అంటే తన లెక్కలో ఎవరో ఆలోచించు. స్నానం చేయిస్తుంది, అన్నం పెడుతుంది, డ్యూటీ అయిపోగానే ఇంటికెళ్లిపోతుంది, ఇంకొకావిడ వస్తుంది. నీ డ్యూటీ ఎప్పుడు అయిపోతుందా అని చూస్తోందమ్మా ఆ పిల్ల. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారనే అలవాటు లేదు కాబట్టే ఏడవట్లేదు. రాత్రి తనకి మెలకువ వచ్చే వేళకి నువ్వు కనిపించాలి. అదే గదిలో కింద పరుపు వేసుకో.

కొన్ని నెలలు తినిపించడం, స్నానం, ఎత్తుకోవడం మీ ఇద్దరే చెయ్యండి. అత్తయ్యగారిని పప్పు, చారు చేసిపెట్టమను. ముద్ద మాత్రం నువ్వే పెట్టు. వేడుక వచ్చే ఏడాది చేసుకోవచ్చు.

ప్రేమ సంగతి. నాకు ఐదో నెలలో వచ్చింది, జ్వరంతో వాడు నా మెడ వదలని రాత్రి. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది. నిద్ర పట్టక, ఆకలి లేక ఉంటే నీ డాక్టర్‌కి చెప్పు. దత్తత తీసుకున్న తల్లులకీ డిప్రెషన్ వస్తుంది.

డల్లాస్ నాన్న:

సోషల్ వర్కర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పండి మేడమ్. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి రిపోర్టులు పెట్టిందే పిల్ల ఎలా అలవాటు పడుతోందో చూడటానికి. మేం 2019లో పాపని తెచ్చుకున్నాం, అప్పుడు దత్తత ఆర్డర్ కోర్టు ఇచ్చేది. నేను మా సోషల్ వర్కర్ ముందే ఏడ్చాను. థెరపిస్ట్ నంబర్ ఇచ్చి వెళ్లారు, అంతే.

సెలవు గురించి. ఎఫ్‌ఎంఎల్‌ఏ (అమెరికాలో కుటుంబ అవసరాలకి సెలవు ఇచ్చే చట్టం) కింద అర్హత ఉంటే మీవారికీ సొంతంగా 12 వారాలు ఉంటాయి. ఇద్దరూ ఒకే కంపెనీ అయితే మాత్రం ఇద్దరికీ కలిపే 12. పాప వచ్చిన ఏడాదిలోపు వాడుకోవాలి. మీది అయ్యాక ఆయన్ని తీసుకోమనండి, డేకేర్ ఆ మేరకు వెనక్కి పోతుంది. కంపెనీ ఒప్పుకుంటే వారానికి రెండు రోజుల చొప్పున విడగొట్టుకోవచ్చు కూడా.

ఒడియా మాటలు నేర్చుకోండి. ఇంగ్లిష్ ఎక్కడికీ పోదు.

గుంటూరు అమ్మాయి:

అక్కా, అన్నయ్యా, నాలుగు రోజులైంది. గిన్నె పెట్టాను. పాప మరమరాలు లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటే వేస్తుంది. ఆయన సెలవుకి అప్లై చేశారు. అత్తయ్యగారు వేడుక వాయిదా మాట విని కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత పాపకి సున్నుండలు ఇష్టమా అని అడిగారు.

కింద పరుపు వేసుకుంటున్నాను. రాత్రి రెండింటికి లేచి కూర్చుంది. చీకట్లో ‘మౌసీ జిబ?’ అంది. మౌసీ వెళ్లిపోతుందా అని. ‘జిబి నాహి’ అన్నాను, వెళ్లను అని. మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను. నాలుగోసారి చెప్పాక మంచం మీంచి చెయ్యి కిందికి వేలాడేసి పడుకుంది. ఆ చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా అలాగే ఉన్నాను.